పది గోళ్ళు... ఐదు సీసాలు!

మా ఒంటిమిట్టలో ఏ ఫ్యాన్సీ అంగడికైనా వెళ్ళి "నెయిల్ పాలిష్ ఉందా?" అని అడిగి చూడండి. "క్యూటెక్సేనామ్మా?" అని ఎదురు ప్రశ్న వస్తుంది. తీరా అంగడాయన దించే డబ్బాలో ముప్ఫై సీసాలుంటే, వాటిలో ఒక్కటి కూడా క్యూటెక్స్ కంపెనీది ఉండదు! డాల్డా, జిరాక్సుల్లాగే ఇదీనూ. కంపెనీ పేరు కాస్తా సరుకు పేరైపోయింది. నూరేళ్ళ పైమాట, అమెరికాలో గోరు మొదట్లో ఉండే పలచని తోలును మెత్తబరిచే మందు అమ్ముకుంటూ మొదలైన కంపెనీ అది. ఆ తోలును ఇంగ్లీషులో క్యూటికల్ అంటారు. అందులోంచే క్యూటెక్స్ పుట్టింది. ఆ కంపెనీ సీసాని జన్మలో చూడని మా వీధి అవ్వలు కూడా ఆ పేరు మాత్రం తడుముకోకుండా చెప్పేస్తారు.

"మళ్ళీ అందచందాల ముచ్చటేనా?" అని పెదవి విరిచే సోదరీమణులకు ఒక మనవి. ఇది అందచందాల గురించి కొంతే. ఇంటెడు చాకిరీ చేసే చేతుల మీద పది, ఇరవై రూపాయల రంగు ఎన్నాళ్ళు నిలుస్తుంది? మనకేమైనా హాని చేస్తుందా? చూసినవాళ్ళు ఏమంటారు? ఇవీ నేను తేల్చుకోవాలనుకున్నవి. మూడు నాలుగు వందల రూపాయల సీసాల గురించి టీవీల్లో, ఫోన్లలో చెప్పేవాళ్ళు కోకొల్లలు. వాళ్ళ చేతుల్ని చూస్తే అంట్లు తోమే చేతుల్లా అనిపించవు. సబ్బు నీళ్ళు, చింతపండు పులుసు, సంకటి ముద్ద, శనక్కాయల ఒలుపు... వీటి మధ్య బతికే గోళ్ళ సంగతి ఇంకెవరు చెబుతారు? మనమే చెప్పుకోవాలి.

ఇంకో మాట కూడా ఉంది. బొట్టు, పూలు, కమ్మలు ఇవన్నీ ఎదుటివాళ్ళకు కనబడే సింగారాలు. మనకు కనబడాలంటే అద్దం కావాలి. గోటి రంగు అలా కాదు. బియ్యం ఏరుతున్నా, తాలింపు వేస్తున్నా, బస్సులో కడ్డీ పట్టుకుని నిలబడ్డా మన కళ్ళెదుటే ఉంటుంది. గాజులు కూడా కనబడతాయిగా అంటారేమో! గాజుల లెక్కలు వేరే ఉన్నాయి, కిందికి వచ్చాక చెబుతాను.

నూట ఇరవై రూపాయల బేరం

మొదటి సీసా తిరునాళ్ళలో కొన్నది. మా కోదండరామస్వామి కల్యాణం అన్నిచోట్లలా నవమి నాటి మధ్యాహ్నం జరగదు. రాత్రిపూట, వెన్నెల్లో చేస్తారు. 2015 నుంచి ప్రభుత్వ లాంఛనాలతో జరుగుతుండడంతో ఆ రోజుల్లో ఊరంతా జనమే. జనం వెంబడే గాజుల అంగళ్ళు, బొమ్మల అంగళ్ళు. అక్కడ పరిచిన పట్ట మీద రాశిగా పోసి అమ్మే చిట్టి సీసా పది రూపాయలు. తళుకులున్న గులాబీ రంగు. రెండోది మా ఊరి ఫ్యాన్సీ అంగట్లో ఇరవై రూపాయల మెరూన్. మూడోది కడపలో ఒక మందుల షాపులో, పౌడర్లూ క్రీముల పక్కన గాజు బీరువాలో ఉన్నది. అరవై రూపాయలు. లేత గులాబీ. నాలుగోది ఏ రంగూ లేనిది, నీళ్ళలాంటిది, ముప్ఫై రూపాయలు. మొత్తం నూట ఇరవై.

ఐదోదానికి ధర లేదు. అది కువైట్ సీసా. రాజంపేట, కోడూరు, రాయచోటి, కడప... మా వైపు ఏ ఊరికెళ్ళినా ఇంటి పనికి కువైట్ వెళ్ళిన ఆడవాళ్ళు వీధికి నలుగురైనా ఉంటారు. సెలవుకి వచ్చేటప్పుడు వాళ్ళ పెట్టెల్లో సెంటు సీసాలు, తలనొప్పి మందు, సబ్బులతో పాటు ఈ సీసాలు కూడా వస్తాయి. మా వెనక వీధిలో ఒకామె తొమ్మిదేళ్ళు అక్కడ పనిచేసి వచ్చింది. "ఆ ఇంటి పిల్లోళ్ళకి వారం వారం నేనే గోళ్ళకు రంగేసేదాన్నక్కా. నేను మాత్రం ఒక్కరోజు ఏసుకోలా. పనిచేసే చేతులకి ఎందుకులే అని. నువ్వన్నా ఏసుకో" అంటూ ముదురు ఎరుపు సీసా ఒకటి నా చేతిలో పెట్టింది. తొమ్మిదేళ్ళు వేరేవాళ్ళ గోళ్ళకు రంగు వేసిందంటే ఆమె చెయ్యి ఎంత స్థిరంగా ఉంటుందో ఊహించండి! రంగు వేయడంలో నాకు గురువు ఆమే.

ఏ వేలి తలరాత ఎలా ఉందో

ఐదు సీసాలు, ఐదు వేళ్ళు. బొటనవేలికి తిరునాళ్ళ సీసా, చూపుడు వేలికి మెరూన్, మధ్య వేలికి మందుల షాపుది, ఉంగరం వేలికి కువైట్‌ది, చిటికెన వేలికి రంగులేనిది. రెండు చేతులకూ అదే వరస. ఎవరైనా చూస్తే పిచ్చిదనుకునే వాలకమే! అయినా వెనక్కి తగ్గలేదు. రోజూ రాత్రి పడుకోబోయే ముందు పాల లెక్కలు రాసే పుస్తకంలోనే గోళ్ళ లెక్కా రాసుకున్నాను.

మొదటి రోజు సాయంత్రానికే కుడి బొటనవేలు ఓడిపోయింది. కారణం, శనక్కాయలు. చట్నీకని రెండు దోసిళ్ళ కాయలు ఒలిచానో లేదో, కొసన రంగు పొట్టులా లేచిపోయింది. మూడో రోజుకి చూపుడు వేలి మెరూన్ అంచు చెదిరింది. మధ్య వేలిది నాలుగు రోజులు నిలిచింది గానీ పసుపు పట్టేసింది. పసుపు పండే జిల్లా కదండీ మాది, పోపుల డబ్బాలో పసుపుకి కొదవ ఉండదు! లేత రంగులు ఎంత ముచ్చటగా ఉన్నా మన వంటిళ్ళకి పనికిరావని అర్థమైంది. అంట్ల సబ్బు తగలగానే ఆ పసుపు మరక కాసేపు ఎర్రగా తిరగడం ఇంకో తమాషా. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రబడుతుంది చూడండి, అదే కిటుకు. సబ్బులోని క్షారం సున్నం చేసే పనే చేస్తుంది.

ఉంగరం వేలి మీద కువైట్ రంగు ఏడో రోజుకి కూడా చెక్కు చెదరలేదు. "చూశావా, ఖరీదైన సరుకు ఖరీదైనదే!" అన్నారు మావారు. అక్కడితో ఆపేసి ఉంటే నేనూ అలాగే అనుకునేదాన్ని. కానీ రెండో వారం వేళ్ళు తారుమారు చేశాను. కువైట్ రంగుని బొటనవేలికి, పది రూపాయల తళుకు రంగుని ఉంగరం వేలికి వేశాను. ఏమైందనుకున్నారు? కువైట్ రంగు రెండో రోజు సాయంత్రానికి లేచిపోయింది. పది రూపాయలది ఐదు రోజులు నిక్షేపంగా నిలబడింది. అంటే రంగు నిలవడం సీసా ధర మీద కంటే ఏ వేలు ఎంత చాకిరీ చేస్తుందన్న దాని మీదే ఎక్కువ ఆధారపడి ఉందన్నమాట. బొటనవేలు, చూపుడు వేలు గొడ్డుచాకిరీ చేస్తాయి. ఉంగరం వేలు మాత్రం ఉంగరం పెట్టుకుని కులాసాగా కూర్చుంటుంది! ఇళ్ళల్లో కూడా ఇంతేలెండి.

మూడో వారం రంగులేని సీసాని పనిలోకి దించాను. ముందు అది ఒక పూత, దాని మీద రంగు పలచగా రెండు పూతలు, ఆ పైన మళ్ళీ అది. ఈసారి బొటనవేలి మీద పది రూపాయల రంగే మూడు రోజులు నిలిచింది. అడుగు పూత వల్ల ఇంకో లాభం కూడా ఉంది. ముదురు ఎరుపు, మెరూన్ రంగులు నేరుగా గోటికి తగిలితే, తీసేశాక గోళ్ళు పచ్చగా కనబడతాయి. కామెర్లేమోనని బెదిరిపోయిన ఇల్లాళ్ళు నాకు తెలుసు! అది రంగు మరకే. గోరు పెరిగే కొద్దీ పోతుంది. నా లెక్క ప్రకారం ఒక్క సీసా మాత్రమే కొనగలిగితే రంగు సీసా కాదు, ఈ నీళ్ళ సీసానే కొనాలి.

అరటిపండు వాసన, మందుగుండు బంధుత్వం

ఇంతకీ ఆ సీసాలో ఏముంటుంది? దూదిలాంటి పదార్థాన్ని నైట్రిక్ ఆమ్లంతో మార్చి చేసే నైట్రోసెల్యులోజ్ అసలు సరుకు. గోటి మీద గట్టి పొరలా మిగిలేది అదే. దీనికి మందుగుండుతో బంధుత్వం ఉంది. వెనకటి సినిమా రీళ్ళు భగ్గున అంటుకునేవంటారే, అవి కూడా ఈ జాతివే. 1920లలో అమెరికాలో కార్లకు త్వరగా ఆరే రంగుగా దీన్ని వాడారు. కారుకి వేసే మెరుగు ఆడవాళ్ళ గోళ్ళ మీదికి రావడానికి ఎంతో కాలం పట్టలేదు. 1932లో రెవ్లాన్ కంపెనీ మొదలైందే గోళ్ళ రంగుతో. ఇక ఈ పదార్థాన్ని కరిగించి ఉంచడానికి ఇథైల్ ఎసిటేట్, బ్యూటైల్ ఎసిటేట్ అనే ద్రవాలు పోస్తారు. మూత తీయగానే మాగిన అరటిపండు వాసన గుప్పుమనేది వీటి వల్లే. కోడూరు అరటిపళ్ళ బండి ఇంటి ముందుకొచ్చిందా అనిపిస్తుంది!

మన దేశంలో దీని వెనక డాలర్ల కథ ఒకటి ఉంది. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో కలిగినవాళ్ళు సౌందర్య సాధనాలు విదేశాల నుంచి తెప్పించుకునేవారు. అలా విదేశీ మారకం ఖర్చవడం చూసి, ఇక్కడే తయారు చేయమని నెహ్రూ గారు టాటాలను అడిగారట. అలా 1952లో లక్మే పుట్టింది. లక్మే అంటే మరేమీ కాదు, ఫ్రెంచివాళ్ళ నోట పలికిన మన లక్ష్మే! 1990ల చివర్లో అది హిందుస్థాన్ లీవర్ చేతికి వెళ్ళింది. అంటే పొదుపు కోసం మొదలైన వ్యవహారమన్నమాట. సీసా కొన్నందుకు ఇంట్లో ఎవరైనా సణిగితే ఈ సంగతి చెప్పండి.

నవ్వులకేం గానీ, ఆ ద్రవాలు ఇట్టే అంటుకుంటాయి. రంగు తీసే మందు, అంటే రిమూవరు, మరీ ప్రమాదం. అందులో ఉండేది ఎక్కువగా ఎసిటోన్. పొయ్యి వెలుగుతున్న వంటింట్లో, దీపారాధన పక్కన ఈ పని పెట్టుకోవద్దు. పాలు పొంగేలోపు రెండు గోళ్ళకు వేసేద్దామనే ఆత్రం అస్సలు వద్దు. తలుపు, కిటికీ తీసి ఉన్న గదిలో కూర్చోండి.

అట్ట మీద ఏముందో కూడా చదవండి. టోలీన్, ఫార్మాల్డిహైడ్, డైబ్యూటైల్ థాలేట్ అనే మూడు పేర్లు లేని సీసా మేలు. మూడోదాన్ని ఐరోపా దేశాలు సౌందర్య సాధనాల్లో వాడకూడదని 2004లోనే నిషేధించాయి. మందుల షాపు సీసా మీద తయారుచేసినవాళ్ళ చిరునామా, లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ అన్నీ ఉన్నాయి. తిరునాళ్ళ సీసా మీద ఒక సినిమా తార మొహం తప్ప ఒక్క అక్షరం లేదు! పాపం ఐదు రోజులు నిలబడింది కానీ దాన్ని నేను మళ్ళీ కొనను. నిలవలేదని కాదు, అందులో ఏముందో చెప్పే దిక్కు లేదని.

ఈ రంగు కొందరికి పడదు. అప్పుడు దురద వేళ్ళకు వస్తుందనుకుంటాం. చిత్రంగా కనురెప్పల మీద, మెడ మీద వస్తుంది! అక్కడి చర్మం పలచన, గోళ్ళు అస్తమానం అక్కడే తగులుతుంటాయి. కొత్త సబ్బో, కాటుకో పడలేదనుకుని వాటిని మార్చుకుంటూ పోయేవాళ్ళు ఓసారి గోళ్ళవైపు కూడా చూసుకోవాలి.

"ఆ చేత్తోనే సంకటి చేస్తావా?"

మా అత్తగారు మూడు రోజులు ఏమీ అనలేదు. నాలుగో రోజు నేను సంకటి దించి ముద్దలు చేయబోతుంటే, "ఏమ్మే, ఆ చేత్తోనే ముద్దలు చేస్తావా? రంగు కడుపులోకి పోదా?" అన్నారు. సాధింపు మాటలా విన్నా, అడగవలసిన ప్రశ్నే. చెంచాలతో తినే దేశాల వాళ్ళకి ఈ ఆలోచన రాకపోవచ్చు. మనం చేత్తోనే కలిపి, చేత్తోనే తింటాం, చేత్తోనే పిల్లలకు పెడతాం.

పూర్తిగా ఆరిన రంగు నీళ్ళలో గానీ పులుసులో గానీ కరగదు. వాసన వచ్చే ద్రవాలు ఆవిరైపోయి గట్టి పొర మాత్రమే మిగులుతుంది. చిక్కంతా పెచ్చులతోనే. అంచు ఒకసారి లేచిందంటే పప్పులోనో పిండిలోనో ఊడిపడటానికి సిద్ధంగా ఉన్నట్టే. అందుకని మా ఇంట్లో ఒక ఒడంబడిక కుదిరింది. కుడిచేతి గోళ్ళు పొట్టిగా ఉంచుకోవాలి, పెచ్చు లేచిన రోజే ఆ వేలి రంగు పూర్తిగా తీసేయాలి. గోళ్ళు కొరికే చంటిపిల్లలకు మాత్రం ఎంత మారాం చేసినా వేయకూడదు.

మా పక్కింటి బీబమ్మకు ఉన్న ఇబ్బంది వేరు. నమాజుకు ముందు చేతులు కడుక్కునేటప్పుడు నీళ్ళు గోటికి తగలాలి, ఈ పొర ఉంటే తగలవు. అందుకే ఆమెది ఎప్పుడూ గోరింటాకే. గోరింటాకు పొరలా కూర్చోదు, గోటి పదార్థంలోకే ఇంకి అతుక్కుంటుంది. చర్మం మీది ఎరుపు పది రోజుల్లో పోయినా గోటి మీది ఎరుపు పోదు, గోరుతో పాటే పెరుగుతుంది. చేతి గోరు నెలకి సుమారు మూడు మిల్లీమీటర్లు పెరుగుతుందంటారు. ఆషాఢంలో పెట్టుకున్న గోరింటాకు దసరా నాటికి గోటి కొసన నెలవంకలా మిగలడం మనందరం చూసిందే. ఈ పందెంలో గోరింటాకుని ఏ సీసా ఓడించలేదు, ఒప్పుకోవాల్సిందే. కాకపోతే పండాలంటే గంటలకొద్దీ చేతులు కట్టేసుకుని కూర్చోవాలి. అంత తీరిక ఏడాదికి ఒకసారి కదా దొరికేది!

గోరు చెప్పిన జబ్బు

మూడో వారంలో మా ఎదురింటి అమ్మాయి వచ్చింది. ఇంటర్ చదువుతోంది. "ఆంటీ, మెరూన్ నాకు కూడా" అంటూ చేతులు చాపింది. రంగు వేసే ముందు గోళ్ళ మీది జిడ్డు తుడవాలి కాబట్టి ఆ పిల్ల చెయ్యి నా చేతిలోకి తీసుకున్నాను. తుడిచిన గోళ్ళు కాగితంలా తెల్లగా ఉన్నాయి. నా గోటి పక్కన పెట్టి చూశాను. నాదే అంతంతమాత్రం, ఆ పిల్లది ఇంకా తెలుపు. "మెట్లెక్కితే ఆయాసం వస్తుందామ్మా?" అంటే, "అందరికీ వస్తుంది కదాంటీ" అంది. ఆ రోజు రంగు వేయకుండా వాళ్ళమ్మను పిలిచి చూపించాను. మర్నాడు ఆస్పత్రిలో రక్తపరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ 8.4. ఉండాల్సింది 12.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో, దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 57 మందికి రక్తహీనత ఉంది. మన ఆంధ్రప్రదేశ్‌లో ఇంకాస్త ఎక్కువే. గోళ్ళు పాలిపోవడం, మరీ ముదిరితే గోరు చెంచాలా గుంట పడటం దీని గుర్తులు. ఏడాది పొడవునా రంగు మీద రంగు వేసుకుంటూ పోతే ఆ గుర్తులు మనకు కనబడవు. అందుకని నెలలో నాలుగైదు రోజులు గోళ్ళను ఉత్తగా వదిలి, పగటి వెలుతురులో చూసుకోండి. ఆపరేషనుకు ముందు నర్సమ్మలు రంగు తీసేయమనడం కూడా ఇందుకే. గోళ్ళు నీలంగా మారితే వెంటనే తెలియాలి. కరోనా రోజుల్లో వేలికి తగిలించి ఆక్సిజన్ చూసుకున్నామే, ఆ మిషన్ కూడా నలుపు, నీలం లాంటి ముదురు రంగులున్న గోటి మీద లెక్క తప్పే అవకాశం ఉంది.

ఆ అమ్మాయి ఇప్పుడు ఐరన్ మాత్రలు వేసుకుంటోంది. టీతో కాకుండా నిమ్మకాయ నీళ్ళతో వేసుకోమన్నారు, అలా అయితే ఇనుము ఒంటికి బాగా పడుతుందట. మెరూన్ కూడా వేశాను లెండి, రెండు వారాల తర్వాత.

మిట్టమధ్యాహ్నం వద్దు

మా కడప జిల్లా ఎండలు తెలిసినవే. వేసవిలో నలభై దాటడం మామూలు. ఆ వేడిలో, పైగా ఫ్యాను కింద కూర్చుని వేస్తే పై పొర చటుక్కున ఆరిపోయి లోపలి ద్రవం బయటికి రాలేక బుడగలు పొడుస్తాయి. ఎండాకాలం పొద్దున్నే గానీ రాత్రి పనులయ్యాక గానీ వేసుకోండి. రాత్రే నయం. తెల్లారేదాకా నీళ్ళ పని ఉండదు.

తలంటుకున్న వెంటనే వేసుకోకూడదు. నానిన గోరు నీళ్ళు పీల్చి కాస్త ఉబ్బుతుంది. ఆరాక మళ్ళీ ముడుచుకుంటుంది, పైనున్న రంగు మాత్రం ముడుచుకోదు. పగిలేది అప్పుడే. రోజంతా నీళ్ళలో చేతులు పెట్టేవాళ్ళ రంగు త్వరగా పోవడానికి కూడా కారణం ఇదే. సీసాని టానిక్‌లా కుదపకుండా రెండు అరచేతుల మధ్య పెట్టి దొర్లించండి, బుడగలు రావు. మా కువైట్ గురువుగారి పద్ధతి ఏమిటంటే, కుంచె నడిమధ్యన ఒక గీత, అటొకటి ఇటొకటి, చివర గోటి కొసన అడ్డంగా ఒక్క తడుపు. ఆ కొస తడుపే అసలు కీలకం. రంగు లేచేది అక్కడి నుంచే కదా. ఒక్కటే మందపాటి పూత కన్నా రెండు పలచని పూతలు మేలు. రెంటికీ మధ్య ఐదు నిమిషాలైనా ఆగాలి.

తీసేటప్పుడు బ్లేడుతో గీకేవాళ్ళున్నారు, గోటి పై పొర కూడా లేచిపోతుంది. వద్దు. రిమూవరు అయిపోతే ఒక చిట్కా ఉంది. పాత రంగు మీద కొత్త రంగు దట్టంగా వేసి, ఆరకముందే గుడ్డతో తుడిచేయండి. రెండూ కలిసి వచ్చేస్తాయి. తర్వాత ఒక్క చుక్క కొబ్బరినూనె రాయడం మరచిపోవద్దు. మళ్ళీ రంగు వేసే ముందు ఆ జిడ్డు తుడవడం కూడా!

చిన్నత్త కాలివేలు

గాజుల లెక్కలు చెబుతానన్నాను కదా. మా అత్తగారి చెల్లెలు, నాకు చిన్నత్త, మా దగ్గరే ఉంటారు. చిన్నాయన పోయి తొమ్మిదేళ్ళు. ఆ రోజు నుంచీ ఆమె చేతులకు గాజుల్లేవు. పూలు కట్టిపెడతారు గానీ పెట్టుకోరు. పసుపు దంచుతారు గానీ పూసుకోరు. ఎవరూ ఇప్పుడు కొత్తగా వద్దని చెప్పరు. చెప్పాల్సిన అవసరం లేకుండానే అలా జరిగిపోతోంది.

నా గోళ్ళ పరీక్షలన్నీ ఆమె గడప మీద కూర్చుని చూస్తూనే ఉన్నారు. ఒకరోజు మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు మెల్లగా అడిగారు. "ఏమ్మే, పసుపు, కుంకుమ, గాజులు, మెట్టెలు, పూలు... అన్నిటికీ ఉండాది కదా కట్టుబాటు. దీనికేమన్నా చెప్పినారా?"

నేను ఆలోచనలో పడ్డాను. నిజమే. ఇది ఐదోతనం లెక్కలోకి రాదు. ముత్తైదువ పెట్టుకోవాలనీ లేదు, మరొకరు తీసేయాలనీ లేదు. "చెప్పినోళ్ళకి ఇది తెలీదు కదత్తా" అన్నాను. ఆమె చెయ్యి చాపలేదు. కుడికాలు ముందుకు జరిపి, చీర అంచు కాస్త పైకి తీసి, బొటనవేలు చూపించారు. "ఆ నీళ్ళ సీసా ఎయ్యి. కనపడదు."

వేశాను. రెండు రోజులు ఆ ఒక్క గోరు ఎండ తగిలినప్పుడల్లా తళుక్కుమనేది. మూడో రోజు ఆమే వచ్చి కూర్చున్నారు. "కనపడకపోతే ఏసుకున్నట్టే లేదు. ఆ మెరూన్ ఇట్లియ్యి." పది కాలివేళ్ళకూ వేస్తుండగా మా అత్తగారు పెరట్లోంచి వచ్చారు. నా చేతిలోని కుంచె గాల్లోనే ఆగిపోయింది. ఆవిడ చెల్లెలి కాళ్ళవైపు కాసేపు చూశారు. తర్వాత ముక్కాలి పీట తెచ్చి పక్కన వేసి, "కాళ్ళు దీని మీద పెట్టుకో. ఆరేదాకా కుచ్చిళ్ళు తగలనియ్యగాకు" అని లోపలికి వెళ్ళిపోయారు.

కాలిగోళ్ళు అంట్లు తోమవు, శనక్కాయలు ఒలవవు, పెరగడం కూడా చేతిగోళ్ళకంటే బాగా నిదానం. కాబట్టి నా పాల లెక్కల పుస్తకంలో అందరికంటే పెద్ద అంకె చిన్నత్తదే. ఇరవై రూపాయల మెరూన్, పైనా కిందా నీళ్ళ సీసా పూత. ఇవాళ్టికి ముప్ఫై ఆరో రోజు. ఎడమ బొటనవేలి అంచున చెప్పు తగిలి రవ్వంత అరిగింది, మిగతా తొమ్మిదీ అలాగే ఉన్నాయి.